శ్యామలాంబ, ప్లీడరు గారి అంబాసిడరు

మా పెద్దమ్మ శ్యామలాంబ కాపురానికొచ్చిన ఇరవై ఏళ్ళకి మొగుడి మీద పగబట్టింది. అంతకుముందు ఆవిడ గొంతు పెంచడం కూడా ఎవరూ ఎరగరు. కూరలో ఉప్పు తక్కువైందని పెదనాన్న కంచం తోసేస్తే, మాట్లాడకుండా ఆ కూరే తీసుకెళ్ళి ఉప్పు కలిపి తెచ్చే మనిషి. అందుకే ఆవిడ చేసిన పని బయటపడ్డాక కూడా మా వాళ్ళలో సగం మంది నమ్మలేదు. నేను అదే ఇంట్లో ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

పెదనాన్న రాధాకృష్ణమూర్తి ఒంగోల్లో ప్లీడరు. నాకు అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికితే వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఎనభై మూడు సంగతి ఇది. ఆయనకి ఒక పాత అంబాసిడరు కారుండేది. పొగాకు కంపెనీలో పనిచేసే ఆఫీసరు ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాడు. అప్పటికే అది ముసలిది. చలికాలం పొద్దున్నే ముందు హ్యాండిల్ వేసి తిప్పితే గానీ లేచేది కాదు. అయినా కోర్టులో సొంత కారున్న ప్లీడర్లు తక్కువ. పెదనాన్న స్నానం చేయకముందే దాన్ని తుడిచేవాడు. నడిపేది ఆయనే, ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆ వేసవిలో ఒక రోజు, ఇంకా కాఫీలు కూడా కాకముందు, మా అమ్మమ్మ ఊరి నుంచి బాలస్వామి వచ్చాడు. మావయ్య పొలం పనులు చూసే మనిషి. మొదటి బస్సు పట్టుకొచ్చాడు. అమ్మమ్మకి బాగాలేదనీ, ఈసారి ఆశలేదన్నారనీ, అక్కయ్యగారిని వెంటనే రమ్మన్నారనీ చెప్పాడు. మా అమ్మమ్మ సీతారత్నం అద్దంకి అవతల పల్లెలో మావయ్య దగ్గర ఉండేది. కారులో వెళ్తే గంటన్నర.

పెద్దమ్మ కట్టుచీరతోనే చెప్పులేసుకుని షెడ్డు దగ్గర నిలబడింది. పెదనాన్న ఒక్కడే లోపలికి వెళ్ళాడు, బానెట్ ఎత్తి ఏదో చూశాడు, వచ్చి కూర్చుని తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. లైటు కూడా వెలగలేదు. బ్యాటరీ చచ్చిపోయిందన్నాడు. హ్యాండిల్ వేసి చూడమంది పెద్దమ్మ. రెండు మూడు సార్లు తిప్పాడు. బనీను తడిసిపోయింది. ఆ చెమట చూసి పెద్దమ్మే జాలిపడి, నడుం పట్టేస్తుంది, వదిలేయండి అంది. మెకానిక్ నాగూర్ వలి మార్టూరు వెళ్ళాడనీ, సాయంత్రానికి గానీ రాడనీ పెదనాన్న అన్నాడు. తనకి కోర్టులో వాయిదా ఉందన్నాడు. పెద్దమ్మ బాలస్వామి వెంట బస్టాండుకి నడిచింది. నాకు పరీక్షల డ్యూటీ ఉండి వెళ్ళలేకపోయాను.

అద్దంకి బస్సు ఆలస్యమైంది. అద్దంకిలో దిగాక పల్లెకి వెళ్ళే బస్సు అప్పుడే పోయింది. ఎండలో డొంకదారిన నడిచి, మధ్యలో ఎవరిదో ఎడ్లబండి ఎక్కి, ఊరు చేరేసరికి పొద్దు వాలింది. అమ్మమ్మ మధ్యాహ్నం పోయింది. ఆగగలిగినంత సేపు ఆగి, సూర్యాస్తమయం లోపల కార్యం కావాలని తీసుకెళ్ళిపోయారు. పెద్దమ్మకి కనిపించింది కడిగిన నేల, దాని మీద ఒక దీపం.

మా అమ్మ చివరిదాకా అమ్మమ్మ పక్కనే ఉంది. ఆవిడే పెద్దమ్మకి చెప్పింది. పొద్దుటి నుంచి అమ్మమ్మ కళ్ళు మూసుకునే, "శ్యామల కారులో వస్తుందిగా, హారన్ వినపడిందా?" అని అడుగుతూనే ఉందట. వినపడలేదమ్మా అంటే, "ఈపాటికి గుండ్లకమ్మ ఏరు దాటుంటుంది" అనేదట.

పదకొండో రోజు అయ్యాక పెద్దమ్మ తిరిగొచ్చింది. కారు గురించి పెదనాన్నని ఒక్క మాట అనలేదు. ముసలి బండి, దానికి మాత్రం తెలుసా అంది నాతో.

దసరా సెలవల్లో పెదనాన్న వరండాలో పేకాట పెట్టాడు. ఎదుటి కుర్చీలో అనంతపద్మనాభం గారు, ఆయన తోటి ప్లీడరు. ఆయన కొత్తగా ఫియట్ కొన్నాడు. బంధువులంతా కారు అడుగుతున్నారు, కాదంటే బాగుండదు, ఇస్తే ఒళ్ళు హూనం చేసి తెస్తున్నారు, ఏం చేయాలో తెలియట్లేదని వాపోయాడు. నేను పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. పెద్దమ్మ కాఫీలు పట్టుకుని తలుపు వెనక్కి వచ్చింది. అప్పుడే పెదనాన్న నవ్వుతూ చెప్పాడు.

"ఇవ్వనని ఎప్పుడూ చెప్పకూడదయ్యా. కదలదని చెప్పాలి. బ్యాటరీ టెర్మినల్ తీగ ఒకటి ఊడదీసి పెట్టు, చాలు. ఆడవాళ్ళకేం తెలుస్తుంది? మా అత్తగారికి బాగాలేదని కబురొచ్చిన రోజు నేను చేసిందదే. ఆవిడ అంతకుముందు రెండుసార్లు పోతానని పోలేదు. అవతల కొత్త జడ్జిగారు రైలు దిగుతున్నారు, స్టేషన్‌కి నేను కారు తెస్తానని మాటిచ్చాను. ఆవిడ ఈసారి నిజంగానే పోయిందనుకో, ఆ సంగతి వేరు."

పెద్దమ్మ తలుపు తోసుకుని వెళ్ళి ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. అనంతపద్మనాభం గారికి చక్కెర తక్కువేసిన గ్లాసు ఏదో చూసి మరీ ఇచ్చింది. నేను వంటింట్లోకి పరిగెత్తాను. ఆవిడ ఖాళీ పళ్ళెం కడుగుతోంది. నా ముఖం చూసి నేను కూడా విన్నానని తెలుసుకుంది.

"నువ్వెవరికీ చెప్పకు," అంది. "చెప్పాల్సినప్పుడు నేనే చెబుతాను."

నేను కోపంతో ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

ఆవిడ పగ మొదట చిన్నపిల్లల పని లాగానే మొదలైంది. ఒక పొద్దున్న పెదనాన్న కోర్టుకి బయల్దేరే ముందు షెడ్డులోకి వెళ్ళి, తను ఎన్నడూ ఎత్తని బానెట్ ఎత్తి, ఆయన ఊడదీసిందే ఊడదీసింది. ఆయన తాళం తిప్పాడు, చప్పుడు లేదు, నేరుగా బానెట్ ఎత్తి ఒక్క నిమిషంలో బిగించుకున్నాడు. వీధి పిల్లలు షెడ్డులో ఆడుతున్నారని కేకలేసి వెళ్ళిపోయాడు. ఆయనకి తెలిసిన దెబ్బతో ఆయన్ని కొట్టలేమని పెద్దమ్మకి అర్థమైంది. ఊరుకుంది. చూస్తూ ఉంది.

కార్తీకమాసం వచ్చింది. రోజూ దీపాలకి కావాలి కదా, పెద్దమ్మ మధ్యాహ్నాలు పెరటి గుమ్మంలో కూర్చుని పత్తి గింజలు తీసి, దూది విడదీసి వత్తులు చేసేది. ఒక రోజు ఎదురుగా నాగూర్ వలి కారు కార్బురేటరు విప్పి కడుగుతున్నాడు. పనిచేస్తూ కబుర్లు చెప్పడం అతనికి అలవాటు. మొన్నో జీపు తనని వారం రోజులు ఏడిపించిందన్నాడు. ట్యాంకులో ఎలా పడిందో గుడ్డపీలిక పడింది. బండి నడిచేటప్పుడు అది పెట్రోలు లాగే గొట్టానికి అడ్డుపడి బండి ఆగిపోతుంది. ఆపి కాసేపు ఉంచితే జారి కిందపడుతుంది, బండి మళ్ళీ లేస్తుంది. ఇలాంటిది పట్టుకోవడం దేవుడి తరం కూడా కాదమ్మగారూ అని నవ్వాడు. పెద్దమ్మ వత్తి చేస్తూ, అలాగా అంది.

ఆ సాయంత్రమే ట్యాంకు మూత తిప్పి గుప్పెడు వత్తులు అందులో వేసింది. మూత బిగించి, చేతులు కడుక్కుని, తులసికోట దగ్గర దీపం పెట్టింది. ఇదంతా తర్వాత నాతో ఆవిడే చెప్పింది. వేసేటప్పుడు భయం వేయలేదా అంటే, హాయిగా ఉందే అంది.

రెండు రోజులు కారు బాగానే నడిచింది. మూడో నాడు కందుకూరు రోడ్డులో ఆగిపోయింది. పక్కన ఒక పెద్ద పొగాకు రైతు, పెదనాన్నకి మంచి క్లయింటు. పెదనాన్న కోటు విప్పి హ్యాండిల్ తిప్పీ తిప్పీ అలిసిపోయి చెట్టుకింద కూర్చున్నాడు. కాసేపయ్యాక మళ్ళీ ప్రయత్నిస్తే ఒక్క తాళానికే లేచింది. నాలుగు మైళ్ళు పోయి మళ్ళీ ఆగింది. రైతు దణ్ణం పెట్టి బస్సెక్కి వెళ్ళిపోయాడు. పెదనాన్న ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా గ్రీజు. పెద్దమ్మ వేణ్ణీళ్ళు తోడింది, ఏమైందని అడిగింది. ఆయన చెబుతుంటే ఒక్క ముక్క వదలకుండా విన్నది. ఎండగా ఉందా, నీడ దొరికిందా, దాహమైతే ఏం చేశారు అని అడిగింది. ఆవిడ డొంకదారిన నడిచిన రోజు గురించి ఆయన ఒక్కటీ అడగలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ కారు తప్ప ఇంకో మాట లేదు. నాగూర్ వలి రోజు విడిచి రోజు వచ్చేవాడు. అతను వచ్చేసరికి బండి చక్కగా లేచేది, డాక్టరు ముందుకి రాగానే నొప్పి పోయిన రోగిలాగా. ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు గీకి సరిచేశాడు, తర్వాత కొత్తవే వేశాడు. కాయిల్ మార్చాడు. పెట్రోలు పంపు విప్పి లోపల పొర మార్చాడు. ట్యాంకు మూత తీసి తొంగిచూశాడు, పెట్రోలు తప్ప ఏమీ కనిపించలేదు. ప్లగ్గు తీగ ఇంజను దగ్గర పెట్టి, నీలం నిప్పురవ్వ టకటకా కొడుతుంటే పెదనాన్నకి చూపించేవాడు.

"బండి నడవడానికి రెండే కావాలి సార్, నిప్పూ పెట్రోలూ. నిప్పుంది, చూశారుగా. పెట్రోలు వస్తోంది, ఇదిగో. మరెందుకాగుతోందో నాకంతు పట్టడం లేదు."

పెదనాన్నకి తిండి సయించడం మానేసింది. పొద్దున్న తాళం పట్టుకుని షెడ్డులోకి వెళ్ళేటప్పుడు ఆయన పెదాలు కదిలేవి, ఏ స్తోత్రమో. అది చూడ్డానికే పెద్దమ్మ ఆ వేళకి ముగ్గు ఉన్నా లేకపోయినా వాకిట్లోకి వచ్చేది. ముఖం కళకళలాడుతూ, తేలిగ్గా తిరిగేది. ట్యాంకు నింపినప్పుడల్లా ఇంకో రెండు వత్తులు వేసేది. నేను ఒకసారి ఇక చాలు పెద్దమ్మా అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకి మళ్ళీ ఆ మాటెత్తలేదు.

మాఘమాసంలో జడ్జిగారి కుటుంబం శింగరకొండ స్వామి దర్శనం చేసుకుంటామన్నారు. ఎవరి కారులో వెళ్ళాలన్న మాట రాగానే పెదనాన్న ముందుకొచ్చాడు. అంతకుముందు రోజు నాగూర్ వలి చేత ఇంజనంతా విప్పించి బిగించాడు. కారు అద్దంకి రోడ్డులో సగం దూరం పోయి, మిరప కల్లాల మధ్య ఆగిపోయింది. రోడ్డుకి రెండు పక్కలా ఎర్రగా ఆరబోసిన కాయలు, పైన ఎండ, కదలని గాలి. ఆ ఘాటుకి జడ్జిగారికి తుమ్ములు పట్టుకుని ఆగలేదు. ఆయన భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళు కారుస్తూ నిలబడింది. పెదనాన్న హ్యాండిల్ తిప్పుతూ ఉన్నాడు, కల్లం కూలీలు కాయలు తొక్కడం ఆపి చూస్తున్నారు. చివరికి పత్తి బోరాలు వేసుకుపోతున్న ట్రాక్టరు ఒకటి ఆపి, దర్శనం మాననన్న జడ్జిగారి భార్యని దాని మీద ఎక్కించి అద్దంకి పంపారు. జడ్జిగారు బస్సులో ఒంగోలు తిరిగొచ్చారు. ఆ తర్వాత ఆయన ఎక్కడికెళ్ళినా అనంతపద్మనాభం గారి ఫియట్‌లోనే వెళ్ళారు. కోర్టులో బంట్రోతుల దాకా ఆ కథ పాకింది.

ఆ పూట పెద్దమ్మ కందిపచ్చడి చేసి నెయ్యి ఎక్కువేసుకుని తిన్నది. అన్ని నెలల్లో ఆవిడ కడుపునిండా తినడం నేను చూసింది ఆ రోజే.

పెదనాన్న కోపమంతా మర్నాడు నాగూర్ వలి మీద పడింది. వాకిట్లో నలుగురి ముందూ దొంగ అన్నాడు. పని దొరకడం కోసం నువ్వే ఏదో చేసి పెడుతున్నావన్నాడు. నాగూర్ వలి తండ్రి కూడా ఒంగోల్లో మెకానిక్కే. ఆ మాట వాళ్ళింట్లో ఎవరూ ఎప్పుడూ పడి ఉండరు. అతను పానాలు కింద పెట్టి, తలవంచుకుని నిలబడ్డాడు. లోపల పెద్దమ్మ చెయ్యి బియ్యం చేటలో ఆగిపోయింది. లేచి వాకిట్లోకొచ్చింది. పెదనాన్న పరాయి మగవాళ్ళతో మాట్లాడుతుంటే ఆవిడ మధ్యలోకి రావడం అదే మొదలు.

"ట్యాంకు దించి చూడమనండి," అంది.

పెదనాన్న నీకేం తెలుసని కసిరాడు. ఆవిడ నాగూర్ వలితోనే మళ్ళీ చెప్పింది. అతను ఆవిడ ముఖంలోకి ఒక క్షణం చూసి, కారు కిందికి దూరాడు. గొట్టం విప్పి, పెట్రోలంతా డబ్బాల్లోకి దించి, ట్యాంకు కిందికి తెచ్చి వంచాడు. కొక్కెం తీగ లోపల పెట్టి తిప్పితే ముందొకటి వచ్చింది. తర్వాత గుత్తులుగా వచ్చాయి. నానిపోయి, పసుపుపచ్చగా తిరిగి, అయినా వత్తులని తెలిసిపోతూనే ఉన్నాయి. నాగూర్ వలి వాటిని ఒక పాత పేపరు మీద పరిచి, పక్కకి జరిగాడు.

"నావే," అంది పెద్దమ్మ. "ఇతన్నేమీ అనకండి."

పెదనాన్న వాటిని చూశాడు, ఆవిడ్ని చూశాడు. కేకలేస్తాడనుకున్నాను. ఎందుకు చేశావని గొణిగినట్టుగా అడిగాడు.

"మా అమ్మ పోయిన రోజు మీరు టెర్మినల్ ఊడదీశారు. అందుకు."

నీకెలా తెలిసిందని అడిగే ధైర్యం ఆయనకి లేకపోయింది. ప్లీడరు కదా, ఏదో ఒక వైపు నుంచి వాదించాలి. పెట్రోల్లో ఇలాంటివి వేస్తారా, దారిలో ఎక్కడో ఏ నిప్పో అంటుకుని నేను పోయుంటే ఏం చేసేదానివని అన్నాడు.

"కబురందగానే బయల్దేరి వచ్చేదాన్ని," అంది పెద్దమ్మ. "నడిచైనా సరే."

నాగూర్ వలి ట్యాంకు కడిగి, బిగించి, ఆ రోజు ఏమీ పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు. పెదనాన్న క్షమించమని అడుగుతాడేమోనని నేను రెండు మూడు రోజులు చూశాను. ఆయన బజారుకెళ్ళి ట్యాంకు మూతకి తాళం వేయించుకొచ్చాడు. పెద్దమ్మకి అది చూసి నవ్వొచ్చింది. బండి ఆ తర్వాత బాగానే నడిచింది. అయినా ఆయనకి నమ్మకం పోయింది. తాళం తిప్పే ముందు ఆగి, వంటింటి వైపు చూసేవాడు. ఆవిడ ఇంకేమీ చేయలేదు, అవసరం రాలేదు.

వేసవిలో అమ్మమ్మ ఆబ్దికం వచ్చింది. కారులో వెళ్దామన్నాడు పెదనాన్న. మీరు రండి, నేను బస్సులో వెళ్తానంది. నేనూ ఆవిడా బస్సులో వెళ్ళాం. ఆయన మాకంటే ముందే చేరి, ఒక్కడే ఊళ్ళోకి పోలేక, ఊరి బయట కారాపుకుని మా కోసం కూర్చున్నాడు.

భోక్తలు భోంచేసి వెళ్ళాక, మా భోజనాలూ అయ్యాక అందరం నడవాలో కూర్చున్నాం. మావయ్య జానకిరామయ్య, అత్తయ్య, మా అమ్మ, నాన్న, ఊళ్ళో బంధువులు. అప్పుడు పెద్దమ్మ చెప్పింది. జడ్జిగారి రైలు, టెర్మినల్, పేకాట, వత్తులు, వరసగా, గొంతు ఎక్కడా పెంచకుండా. పెదనాన్న స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మావయ్య ఆయన వైపు తిరిగి, ఇది నిజమేనా బావగారూ అని అడిగాడు.

"నిజమే," అన్నాడు పెదనాన్న.

అమ్మమ్మ చివరి మాటలు తలుచుకుని మా అమ్మ ఏడుపందుకుంది. మావయ్య ఎప్పుడూ కోపం తెలియని మనిషి. లేచి నిలబడి, చేతులు జోడించి, మీరింక ఈ గడప తొక్కకండి అన్నాడు. పెదనాన్న కండువా తీసుకుని లేవబోయాడు. పెద్దమ్మ కూర్చోమన్నట్టు చెయ్యి చూపించింది.

"అలా అనకు తమ్ముడూ. రాకపోతే ఈయన మర్చిపోతారు. ఏటేటా రావాలి. వచ్చి ఇక్కడే, మీ అందరి ముందూ కూర్చోవాలి."

పెదనాన్న మళ్ళీ కూర్చున్నాడు.

కారు మరో రెండేళ్ళు ఉంది. పెద్దమ్మ అందులో మళ్ళీ ఎక్కలేదు. పెళ్ళయినా పేరంటమైనా, ఆయన కారులో, ఆవిడ బస్సులో. నలుగురూ అడగడం మొదలుపెట్టేసరికి ఆయన దాన్ని చీమకుర్తి రాళ్ళ క్వారీ వాళ్ళకి అమ్మేశాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి బస్సులోనే తిరిగారు. ఇంట్లో మామూలుగానే మాట్లాడుకునేవారు, కూరలో ఉప్పు తక్కువైతే పెదనాన్న తనే లేచి వేసుకునేవాడు. ఆబ్దికానికి మాత్రం ఒక్క ఏడు తప్పలేదు. ఆయనొచ్చి ఆ స్తంభం దగ్గర కూర్చునేవాడు. మావయ్య మజ్జిగ ఇచ్చి పక్కకి వెళ్ళిపోయేవాడు. వినడానికి కొత్త కోడళ్ళెవరైనా ఉంటే పెద్దమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పేది.

ఎనభై తొమ్మిదిలో ఆబ్దికం ముందు రోజు పెదనాన్నకి చలిజ్వరం వచ్చింది. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. పోనీ ఈ ఏడుకి వదిలేయమని నేనే బతిమాలాను. పెద్దమ్మ వినలేదు. మాత్రలు కొంగున కట్టుకుంది, ఫ్లాస్కులో కాఫీ పోసింది, ఆయనకి శాలువా కప్పి, రెక్క పట్టుకుని జాగ్రత్తగా బస్సెక్కించింది. ఆయనకి గాలి తగలకుండా కిటికీ పక్క తను కూర్చుని, అద్దం మూసింది.